లోకల్ రైల్లో పాట వినిపిస్తే: ఎలా వినాలి, ఎంత ఇవ్వాలి, ఆ పాడేవాళ్లకి ఎలా తోడు నిలవాలి

నేను హైదరాబాద్‌లో లింగంపల్లి నుంచి నాంపల్లికి రోజూ ఎంఎంటీఎస్ లోకల్ రైల్లో వెళ్లి వస్తుంటాను. దారిలో విన్న పాటల గురించి అప్పుడప్పుడు రాస్తుంటాను. రాసిన ప్రతిసారీ అవే ప్రశ్నలు వస్తాయి. ఎంత ఇవ్వాలి? వీడియో తీయొచ్చా? చిన్నపిల్లలు పాడితే డబ్బులు ఇవ్వాలా వద్దా? పక్కవాళ్లు విసుక్కుంటే ఏం చేయాలి? ఒక్కొక్కరికి విడిగా చెప్పేకన్నా అన్నీ ఒకచోట పెడితే మంచిదని ఇది రాస్తున్నాను.

మొదటే ఒక మాట. రైల్లో పాడటం పని. మనం ఇచ్చేది ధర్మం కాదు, కూలి. కింద చెప్పేవన్నీ ఈ ఒక్క నమ్మకంలోంచి వచ్చినవే.

ఎక్కడ ఎదురవుతారు

ఎక్కువగా ఎంఎంటీఎస్‌లోనే. 2003లో మొదలైన ఈ రైలుకి కనీస టికెట్ 5 రూపాయలు, కాబట్టి వాయిద్యం పట్టుకుని ఎక్కడానికి పెద్ద ఖర్చు కాదు. లింగంపల్లి, నాంపల్లి వైపు ఎక్కువగా పాత సినిమా పాటలు, భజనలు వినిపిస్తాయి. కాచిగూడ దాటి యాకుత్‌పురా, ఫలక్‌నుమా వైపు వెళ్తే ఉర్దూ నాత్‌లు (ప్రవక్తను స్తుతించే పాటలు), కవ్వాలీలు కూడా చెవిన పడతాయి. సిటీ బస్సుల్లో నిలబడే చోటే కష్టం. 2023 డిసెంబరులో ఆడవాళ్లకి ఉచిత ప్రయాణం వచ్చాక రద్దీ ఇంకా పెరిగింది. అందుకని పాడేవాళ్లు బస్సులో కన్నా ఎంజీబీఎస్, జేబీఎస్ లాంటి బస్టాండ్లలో, ఆగి ఉన్న బస్సుల దగ్గర దొరుకుతారు. మెట్రో పెట్టెల్లో దాదాపు కనిపించరు. అమీర్‌పేట లాంటి చోట మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చాక చూడండి.

దగ్గర ఉంచుకోవాల్సినవి

- 10, 20 రూపాయల నోట్లు నాలుగైదు, కొన్ని నాణేలు. పర్సులో కాదు, చొక్కా జేబులోనో బ్యాగు ముందు అరలోనో.
- ఇయర్‌ఫోన్స్ తీసి పెట్టుకునేంత ఓపిక.
- మూత తీయని చిన్న నీళ్ల సీసా. వేసవిలో తప్పనిసరి.
- ఫోన్‌లో రెండు నంబర్లు: పిల్లల కోసం 1098, రైల్వే సాయానికి 139.

1. పాట మొదలవగానే తల ఎత్తండి

చిన్న విషయంలా ఉంటుంది కానీ అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. పెట్టెలో ఎనభై మంది ఉంటే డెబ్బై మంది ఫోన్‌లోకి చూస్తుంటారు. పాడేవాళ్లకి చూపుంటే ఎవరు వింటున్నారో ముఖం చూసి తెలుసుకుంటారు. చూపు లేనివాళ్లు చప్పుడును బట్టి పసిగడతారు. మాటలు తగ్గాయా, ఎవరైనా వేళ్లతో తాళం వేస్తున్నారా అని వాళ్ల చెవి వెతుకుతూ ఉంటుంది. తాళం వేయాలనిపిస్తే వేయండి. లయ తప్పుతుందని అనుమానముంటే మాత్రం ఊరుకోండి. డోలక్ వాయించే మనిషిని మన తప్పు చప్పట్లు నిజంగానే ఇబ్బంది పెడతాయి.

2. చేతిలో ఏముందో చూడండి

తర్వాత మాట కలపడానికి ఇది పనికొస్తుంది. డోలక్, హార్మోనియం, కంజీర, చిడతలు, మీటలు నొక్కి, తీగలు మీటి వాయించే బుల్‌బుల్ తరంగ్ ఎక్కువ కనిపిస్తాయి. మన రైళ్లలో చాలామంది దాన్ని బ్యాంజో అనే అంటారు. ఈమధ్య మెడలో వేలాడే స్పీకరు, మైకు కూడా వచ్చాయి. తంబుర, కిన్నెర బాగా అరుదు. పన్నెండు మెట్ల కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. అదే మొగిలయ్య 2024లో నగర శివార్లలో కూలి పని చేస్తున్నారని పేపర్లలో చదివి చాలామంది బాధపడ్డారు. వాద్యం చేతిలో ఉన్న మనిషికి చప్పట్లు, అవార్డులు ఒక ఎత్తు, రోజు గడవడం ఇంకో ఎత్తు.

నేను తరచూ వినే ఒక పెద్దాయన హార్మోనియం తిత్తికి రెండుచోట్ల సైకిల్ ట్యూబు ముక్కలు అంటించి ఉన్నాయి. మెడకు వేసుకునే పట్టీ పాత చీర అంచు, మూడు మడతలు పెట్టి కుట్టింది. గాలి ఎక్కడ పోతుందో ఆయనకి తెలుసు, అక్కడ బొటనవేలు ఆనించి పాడతాడు. ఆ బొటనవేలు చూసిన రోజు నుంచి నేను పాట మధ్యలో ఫోన్ ఎత్తడం మానేశాను.

3. డబ్బు ముందే చేతిలోకి తీసుకోండి

రెండు స్టేషన్ల మధ్య మూడు నాలుగు నిమిషాలే ఉంటుంది. పల్లవి, ఒక చరణం పాడి, స్టేషన్ వచ్చేలోపు పెట్టె అంతా తిరిగి, బండి ఆగిన అర నిమిషంలో దిగి పక్క పెట్టె ఎక్కాలి. వాళ్ల రోజు మొత్తం ఈ లెక్క మీదే నడుస్తుంది. ఆయన మీ ముందుకి వచ్చాక పర్సు తీసి, కార్డుల మధ్య వెతికి, 500 నోటు తీసి ‘చిల్లరుందా’ అని అడిగితే ఆ వెనక ఉన్న పదిమంది దగ్గరికి ఆయన వెళ్లలేడు. చరణం సగంలో ఉండగానే నోటు మడిచి పట్టుకోండి.

ఎంత? నా లెక్క చెప్తాను. నిలబడి విన్నందుకు 10. పాట నచ్చితే 20, అంటే దాదాపు ఒక ఇరానీ చాయ్‌ ఖర్చు. మీరు అడిగి పాడించుకుంటే 50కి తగ్గొద్దు. ఇద్దరు కలిసి పాడుతుంటే ఇద్దరినీ లెక్కలోకి తీసుకోండి. వినకపోతే ఇవ్వక్కర్లేదు, అందులో తప్పు లేదు. ఇవ్వలేని రోజు చేతులు జోడించి ‘మంచిగ పాడినవ్ అన్నా’ అనండి. ముఖం కిటికీ వైపు తిప్పుకోవడం కన్నా అది వెయ్యి రెట్లు మేలు.

4. చూపు లేనివాళ్లకి ఇచ్చేటప్పుడు ఎంతో పైకి చెప్పండి

రైళ్లలో పాడేవాళ్లలో చూపు లేనివాళ్లు చాలామంది. ఇక్కడే ఎక్కువ తప్పులు జరుగుతాయి, కాబట్టి కాస్త వివరంగా చెప్తాను.

కొత్త 10 నోటు పొడవు 123 మిల్లీమీటర్లు, 20 నోటు 129. వెడల్పు రెండిటికీ ఒకటే, 63. అంటే తేడా 6 మిల్లీమీటర్లే. 100, 200, 500 నోట్ల అంచుల్లో వేలికి తగిలే గీతలు ఉంటాయి కానీ చిన్న నోట్లకి అవి లేవు. కదిలే బండిలో, మడతపడ్డ నోటు మీద 6 మిల్లీమీటర్లు ఎవరికి తెలుస్తాయి? నోటు రకం పైకి చెప్పే ‘మణి’ అనే యాప్‌ను రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చింది. ఒక చేతిలో డోలక్, ఇంకో చేయి పైకడ్డీ మీద ఉన్న మనిషి యాప్ తెరవలేడు.

అందుకని ఇలా చేయండి. నోటు చాపి, అరచేతిలో పెట్టి, ‘ఇరవై రూపాయలు తాతా’ అని చెప్పండి. గిన్నె పట్టుకున్నవాళ్లుంటే గిన్నెలో వేసి చెప్పండి. నాణేలైతే పని సులువు. 20 నాణెం పన్నెండు పలకల అంచుతో ఉంటుంది, చేతికి వెంటనే తెలుస్తుంది. నేనైతే ఇప్పుడు చూపు లేనివాళ్ల కోసం ఆ నాణేలనే పోగేసి పెట్టుకుంటున్నాను.

హెచ్చరిక: దిగడానికి సాయం చేయాలనిపిస్తే వాళ్ల చేయి పట్టి లాగకండి. చేతికర్రను అసలు ముట్టుకోకండి. ‘నా మోచెయ్యి పట్టుకుంటారా?’ అని అడిగి, వాళ్లే పట్టుకునేలా మీ మోచెయ్యి ఇవ్వండి. ‘వచ్చేది ఫతేనగర్, ప్లాట్‌ఫారం ఎడమవైపు’ అని చెప్పడమే చాలాసార్లు సరిపోతుంది. రద్దీలో ఆ ఒక్క ముక్క ఇచ్చే ధైర్యం నోటు ఇవ్వదు.

5. ఫోన్‌తో పంపాలంటే పేరు చదివి వినిపించండి

మెడలో క్యూఆర్ అట్ట వేసుకుని పాడేవాళ్లు ఉన్నారు. ఆ ఖాతా కొడుకుదో, పక్కింటివాళ్లదో అయి ఉండొచ్చు. స్కాన్ చేశాక తెరమీద వచ్చే పేరు పైకి చదివి, ‘ఈ పేరు మీదేనా?’ అని అడగండి. పంపాక ఎంత పంపారో చెప్పండి. సిగ్నల్ పోయి డబ్బు మధ్యలో ఆగితే గొడవ వద్దు, చేతిలో ఉన్న చిల్లర ఇచ్చేయండి. నా మట్టుకు రైల్లో నోటే మంచిది. సాయంత్రం బియ్యం కొనే డబ్బు ఆయన జేబులోనే ఉంటుంది.

6. ఇంకో పాట అడగండి

ఇదే అసలైన ప్రోత్సాహం. డబ్బు ఇచ్చేవాళ్లు పెట్టెకి పదిమంది దొరుకుతారు, పాట అడిగేవాళ్లు ఒక్కరూ దొరకరు.

సినిమా పాట పేరు చెప్పి అడగడం కన్నా ‘మీ ఊర్లో పాడేది ఏదైనా పాడండి’ అని అడిగి చూడండి. రైల్లో సినిమా పాటలు పాడేది వాటికి నాణేలు పడతాయని. లోపల ఇంకో మూట ఉంటుంది: శారద కథ అనే జానపద కథాగానంలో ముక్క, తత్వం, నాట్లప్పటి పాట, అమ్మ దగ్గర నేర్చుకున్న లాలి. ఒకసారి డోలక్ వాయించే ఒకాయన్ని ఇలాగే అడిగితే కాసేపు మాట్లాడలేదు. పక్కన గిన్నె పట్టుకున్న ఆయన భార్య ‘అది పాడరాదూ’ అని మెల్లగా అడిగింది. డోలక్ కిందికి దించి, వట్టి గొంతుతో నాట్ల పాట ఎత్తుకున్నాడు. రెండో చరణానికి ఆవిడ గొంతు కలిపింది. గిన్నెలో నాణేలను తాళానికి సరిగ్గా పడేలా ఊపుతోంది. బేగంపేట రావాల్సిన బండి సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే, ఆ రోజు ఎవరూ విసుక్కోలేదు.

కులం, ఊరు, చూపు ఎలా పోయింది అంటూ ఆరా తీయకండి. పాట గురించి అడగండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారు, వాయిద్యం ఎక్కడ బాగుచేయిస్తారు, ఏ బండికి వస్తారు. ఈ మూడు చాలు.

7. వీడియో తీయాలంటే

అడగండి. చూపు లేనివాళ్లకి ‘ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పెడతాను, సరేనా?’ అని విడమరిచి చెప్పండి. వద్దంటే గొంతు రికార్డు చేయొచ్చా అని అడగండి. అదీ వద్దంటే ఫోన్ జేబులో పెట్టేయండి.

నేను చేసిన తప్పు చెప్తాను. ఒకాయన పాట బాగా నచ్చి, వీడియో తీసి, ఏ బండి, ఎన్నింటికి, ఏ స్టేషన్ దగ్గర అన్నీ రాసి పెట్టాను. వేలమంది చూశారు. రెండు వారాలు ఆయన కనిపించలేదు. తర్వాత వేరే బండిలో దొరికితే, ‘ఆ టైముకి ఎక్కితే దించేస్తున్నరు సార్’ అన్నాడు. నేను సాయం అనుకుని రాసిన ఆ టైమే ఆయన కూలి పోగొట్టింది. ఆ వీడియో వెంటనే తీసేశాను.

కాబట్టి బండి సమయం, స్టేషన్ పేరు రాయకండి. వాళ్లు స్వయంగా ఒప్పుకుంటేనే ముఖం, ఫోన్ నంబరు పెట్టండి. ‘పాపం’, ‘కన్నీళ్లు ఆగవు’ లాంటి శీర్షికలు వద్దు, పాట ఏమిటో రాయండి. 2019లో బెంగాల్‌లోని రాణాఘాట్ స్టేషన్‌లో పాడే రాణు మండల్ వీడియో దేశమంతా తిరిగింది. ఆమె సినిమాకి పాడింది కూడా. కొన్ని నెలలకే అదే జనం ఆమె మీద వెక్కిరింపు వీడియోలు చేశారు. వైరల్ చేసేముందు దీన్ని ఒకసారి గుర్తు చేసుకోండి.

8. పిల్లలు పాడుతుంటే

ఇక్కడ నేను డబ్బు ఇవ్వను, మీరూ ఇవ్వకండి అనే చెప్తాను. గొంతు ఎంత బాగున్నా సరే. పిల్లలకు పడే నాణేలు వాళ్లని బడికి దూరంగా, బండికి దగ్గరగా ఉంచుతాయి. పిల్లల చేత అడుక్కునే పని చేయించేవాళ్లకి 2015 బాలల న్యాయ చట్టం 76వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల జరిమానా ఉంటాయి.

పిల్లలు ఒంటరిగా ఉన్నా, దెబ్బలు కనిపించినా, వెనక ఎవరో డబ్బు వసూలు చేస్తున్నట్టున్నా 1098కి ఫోన్ చేయండి. రైల్లోనో స్టేషన్‌లోనో ఉంటే 139కి కూడా. బండి ఎటు వెళ్తోంది, ఏ పెట్టె, పిల్లల బట్టల రంగు చెప్పండి. బిడ్డని పట్టుకుని నిలదీయకండి, ఫొటో తీయకండి. అమ్మానాన్నలు పాడుతూ పిల్లల్ని వెంట తెచ్చుకుంటే అది వేరు. పాటకి పెద్దవాళ్ల చేతికి ఇవ్వండి, పిల్లలకి బిస్కెట్ ప్యాకెట్ ఇవ్వండి.

9. ఎవరైనా అభ్యంతరం చెబితే

పరీక్షకి చదువుకునే అమ్మాయి, ఆసుపత్రి నుంచి వస్తున్న మనిషి, రాత్రి డ్యూటీ చేసి కునుకు తీసేవాళ్లు కూడా ఆ పెట్టెలోనే ఉంటారు. ‘సౌండ్ తగ్గించమనండి’ అంటే వాళ్లది న్యాయమే. పాడేవాళ్లకి మీరే మెల్లగా చెప్పండి: ‘అన్నా, స్పీకర్ బంద్ చేసి వట్టిగ పాడు, మంచిగుంటది.’ చాలామంది వెంటనే వింటారు.

1989 రైల్వే చట్టం 144వ సెక్షన్ రైళ్లలో అనుమతి లేని అమ్మకాలను, భిక్షాటనను ఒప్పుకోదు. పాడి డబ్బు తీసుకోవడాన్ని కూడా సిబ్బంది సాధారణంగా అలాగే చూస్తారు. దిగమంటే వాదన పెట్టుకోకండి. మీ వాదన అయ్యాక మీరు ఆఫీసుకి వెళ్తారు, ఆయన వాళ్ల ముందే మిగిలిపోతాడు. చేయి చేసుకుంటే మాత్రం 139కి చెప్పండి.

10. రైలు బయట పని ఇప్పించండి

నెలకోసారి 20 ఇవ్వడం కన్నా ఏడాదికి ఒక్క కచేరీ ఇప్పించడం గొప్ప. హైదరాబాద్‌లో గల్లీకో వినాయకుడు ఉంటాడు. తొమ్మిది రాత్రులు, ప్రతి రాత్రి ఏదో ఒక కార్యక్రమం కావాలి. బతుకమ్మ, శివరాత్రి జాగరణ, ఇంట్లో వ్రతం, అన్నిటికీ పాట కావాల్సిందే.

డబ్బు ఎంతో ముందే మాట్లాడండి, సగం ముందే ఇవ్వండి. రానుపోను ఆటో ఖర్చు, భోజనం వేరు. టైము కూడా ముందే ఖాయం చేయండి. మా అపార్ట్‌మెంట్‌లో ఒక జంటని ఎనిమిదింటికి రమ్మన్నాం. వాళ్లు ఏడున్నరకే వచ్చి కూర్చున్నారు. డీజే ఆగలేదు. పది దాటితే లౌడ్‌స్పీకర్ పెట్టకూడదు కాబట్టి చివరికి వాళ్లకి దక్కింది పావుగంట. మాట్లాడుకున్న డబ్బు పూర్తిగా ఇచ్చాం. అయినా వాళ్లు వాయిద్యం సంచిలో పెట్టుకుంటుంటే నాకు తలెత్తాలనిపించలేదు. ఆ మరుసటి ఏడాది వాళ్లనే మొదట కూర్చోబెట్టాం.

పరిచయం పెరిగాక ఇంకో మెట్టు ఉంది. ఆకాశవాణి గాయకులకి ఆడిషన్లు పెట్టి గ్రేడులు ఇస్తుంది. రవీంద్రభారతిలో భాషా సాంస్కృతిక శాఖ ఉంది. దరఖాస్తు రాయడం, వైకల్యం సర్టిఫికెట్ ఉందో లేదో చూడటం మనకి ఒక పూట పని. వాళ్లకైతే నాలుగు రోజుల కూలి పోతుంది. అడిగితేనే చేయండి, మీదపడి చేయకండి.

ఎక్కువమంది చేసే పొరపాట్లు

పాట సగంలో ఉండగా నోటు చేతిలో పెట్టడం ఒకటి. వాయించే చేయి ఆగిపోతుంది. చరణం అయ్యేదాకా ఆగండి. డబ్బు ఇచ్చి ‘ఇక చాలు, వెళ్లండి’ అనడం ఇంకోటి. అది పాటకి కాదు, మౌనానికి ఇచ్చిన డబ్బు. తలుపు దగ్గర నిలబడి పాడేవాళ్లని మాటల్లో పెట్టడం ప్రమాదం, లోపలికి రమ్మనండి. చిరిగిన నోట్లు వదిలించుకోవడానికి వీళ్లని వాడుకోకండి. చూపు లేని మనిషికి చెల్లని నోటు ఇచ్చినవాళ్లని నేను కళ్లారా చూశాను.

పని చేసిందో లేదో ఎలా తెలుస్తుంది

మీరు ఇచ్చాక పక్కవాళ్ల చేయి జేబులోకి వెళ్లిందా చూడండి. మొదటి చేయి లేస్తే తర్వాతి మూడు సులువుగా లేస్తాయి. పాట పల్లవితో ఆగిందా, చరణం దాకా వచ్చిందా చూడండి. వినేవాళ్లు ఉన్నారనిపిస్తే ఎవరూ మధ్యలో ఆపరు. మళ్లీ కనిపించినప్పుడు పాట మారిందా గమనించండి.

అన్నిటికన్నా నమ్మకమైన గుర్తు ఇంకోటి ఉంది. పోయిన నెల బోరబండలో హార్మోనియం పెద్దాయన ఎక్కాడు. ఆయనకి చూపు లేదు, నన్నెప్పుడూ చూడలేదు. నేను ఎప్పటిలాగే ‘ఇరవై రూపాయలు తాతా’ అన్నాను. నోటు మడిచి జేబులో పెట్టుకుని కదలకుండా నిలబడ్డాడు. భరత్‌నగర్ వచ్చింది, దిగలేదు. ‘ఇయ్యాల రెండో పాట అడగవా బిడ్డా?’ అన్నాడు.